రెండు వేల లోపు స్మార్ట్‌వాచ్: బండ్ మీద బాగానే ఉంది, మగ్గం కాడ చూడాలి

కంపెనీ పేరు రాయడం లేదు. రాసినా పెద్ద ఉపయోగం లేదు. రెండు వేల లోపు దొరికే స్మార్ట్‌వాచీలన్నీ ఒక తాను ముక్కలే. డబ్బా మీది బొమ్మ మారుతుంది, పట్టీ రంగు మారుతుంది, లోపలి సరుకు ఇంచుమించు అదే. నేను హన్మకొండ చౌరస్తాలో 1,799కి తీసుకున్నాను. షాపతను 2,499 అని మొదలుపెట్టి, నేను నోరు తెరవకముందే తనే దిగొచ్చాడు. అంటే ఇంకా దిగేవాడేమో, బేరం చేతనైనవాళ్లు ఆడండి.

ముందు మామూలు సంగతులు. తెర పెద్దది, ఎండలో కూడా టైం కనబడుతుంది. బ్యాటరీ వారం వస్తుందని డబ్బా మీద ఉంది. బ్లూటూత్‌లో ఫోన్లు మాట్లాడితే అందులో సగం కూడా రాదు. చార్జర్ అయస్కాంతంతో అతుక్కుంటుంది గానీ జర కదిలిందంటే ఊడిపోతుంది, పొద్దుగాల లేచి చూస్తే వాచీ పడుకునే ఉంటుంది. గాజుల పక్కన పెట్టుకుంటే కొన్నాళ్లకే అద్దం మీద గీతలు. మణికట్టు సన్నగా ఉన్న ఆడవాళ్లకు చివరి రంధ్రానికి బిగించినా వదులే. ఎవరి చేయి కొలత తీసుకుని చేశారో గానీ మాది మాత్రం కాదు. ఇక తెలుగు మెసేజ్ వస్తే ఒత్తులన్నీ విడిపోతాయి. మా అబ్బాయి హైదరాబాద్ నుంచి "అన్నం తిన్నవా అమ్మా" అని పెడితే వాచీ మీద "అన్ నం తిన్ నవా అమ్ మా" అని వచ్చింది. నేను హైస్కూల్లో తెలుగు చెప్తాను. రోజంతా పిల్లల ఒత్తులు దిద్ది ఇంటికొస్తే, చేతి మీద ఇదొకటి.

అసలు నేను వాచీ కొన్నది ఆరోగ్యం మీద సోయి కలిగి కాదు. మా ఆయన తీసుకున్న హెల్త్ పాలసీలో నడిస్తే పైసలు తిరిగొస్తాయి. రోజుకు 10,000 అడుగులు పడితే ఆ రోజు లెక్కలోకి ఎక్కుతుంది. నెలలో అట్లాంటి రోజులు కొన్ని పోగైతే ప్రీమియంలో కొంత మన ఖాతాలో జమ చేసి, వచ్చే ఏడు రెన్యువల్‌లో తగ్గిస్తారు. పాలసీదారులకు ఇట్లాంటి ప్రోత్సాహకాలు ఎట్లా ఇవ్వొచ్చో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. కాబట్టి ఇందులో దొంగతనమేం లేదు. పాలసీ యాప్‌కు వాచీ తగిలిస్తే చాలు, లెక్క దానంతట అదే పోతుంది.

ఈ 10,000 ఎక్కడిదని డాక్టర్లను అడిగితే నవ్వుతారు. 1964 టోక్యో ఒలింపిక్స్ అయిపోయాక, 1965లో జపాన్‌లో యమాసా అనే కంపెనీ నడుముకు కట్టుకునే అడుగుల మీటరు ఒకటి అమ్మకానికి పెట్టింది. దాన్ని అమ్ముకోవడానికి పెట్టుకున్న గుండు సంఖ్య అది. 2019లో అమెరికాలో పెద్ద వయసు ఆడవాళ్ల మీద ఒక అధ్యయనం వచ్చింది. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ల కంటే 4,400 వేసేవాళ్లలో చావులు బాగా తక్కువగా కనబడ్డాయి, 7,500 దగ్గరికి వచ్చేసరికి ఇంకా నడిచినా అదనపు లాభం ఆగిపోయింది. అయినా యాప్‌కు కావాల్సింది 10,000. మామూలు నడకలో అది గంటన్నర పని. రోజూ గంటన్నర ఎవరి చేతిలో ఉంటుందో వాళ్లకే ఈ తగ్గింపు. మాకు ఇద్దరి జీతాలున్నాయి, పొద్దున పనికి మనిషి వస్తుంది, కాబట్టి నేను నడకకు భద్రకాళి చెరువు బండ్ మీదికి పోగలను.

బండ్ మీద ఈ వాచీ బాగానే పనిచేస్తుంది. చేతులు ఊపుకుంటూ నడిచినంతసేపు అడుగుల లెక్క పెద్దగా తప్పదు; నేను నోటితో లెక్కపెట్టి మరీ చూశాను. అయితే అక్కడ వాచీ పని అడుగులు లెక్కపెట్టడంతో అయిపోదు. పొద్దుగాల ఒకరికొకరు ఎదురైతే ఇదివరకు "ఏం సార్, బాగున్నరా" అనేవాళ్లు. ఇప్పుడు "ఎన్నైనయ్ సార్" అంటున్నారు. రిటైరైన ఇంజినీర్ సార్ల చేతికి నలభై వేల వాచీ, అది ఈసీజీ తీస్తుంది, మనిషి కింద పడితే ఇంటికి ఫోన్ చేస్తుంది. ఒకాయన ఈ మధ్య వేలికి ఉంగరం తొడిగాడు, నిద్రకు మార్కులేస్తుందట. వాళ్లు వాళ్లు కలిసి నడుస్తూ గుండె చప్పుళ్ల తేడాల గురించి మాట్లాడుకుంటారు. మాలాంటి రెండు వేల వాచీల వాళ్లం వెనకాల. రాత్రికి వాకర్ల వాట్సాప్ గ్రూపులో అందరూ ఆ రోజు అంకె ఫొటో తీసి పెట్టాలి. గ్రూపులో ఒక పెద్దమనిషి ఉండేవాడు, ఆజంజాహి మిల్లులో పనిచేసినాయన, బండ్‌కు ఈ రెయిలింగులు, లైట్లు రాకముందు నుంచి నడుస్తున్నవాడు. చేతికి కీ ఇచ్చే హెచ్‌ఎంటీ. ఫొటో పెట్టడానికి ఏమీ లేక గ్రూపులోంచి బయటికి పోయాడు. "నడిచిన సంగతి నా మోకాళ్లకు తెలుసు బిడ్డా, అందరికి చెప్పుడెందుకు" అన్నాడు. ఇప్పుడు ఒక్కడే నడుస్తాడు.

మా అమ్మగారిల్లు వరంగల్ కొత్తవాడ. మా చిన్నాయన ఇప్పటికీ జంపఖానాలు నేస్తాడు. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకే అనే ముద్ర, వచ్చింది, పేపర్లో ఫొటోలు పడ్డాయి. మగ్గాల చప్పుడు మాత్రం ఏటేటా తగ్గుతూనే ఉంది. ఒక ఆదివారం పోయినప్పుడు ఈ వాచీ ఆయన ఎడమ చేతికి కట్టాను. "ఏంది బిడ్డా ఇది, నాడి చూస్తదా?" అన్నాడు. చూస్తుంది, అడుగులు కూడా లెక్కపెడుతుంది అన్నాను. "నేనేడ నడుస్త, కూసునే ఉంట గద" అని గుంట మగ్గంలోకి దిగాడు.

ఆయన చేయి చూస్తూ కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ అదొక పని. కుడి చేత్తో తాడు గుంజగానే పేక నూలు మోసే నాడె ఇటు నుంచి అటు ఉరుకుతుంది, ఎడమ చేత్తో పలకను ముందుకు లాగి పేక మీద కొడతాడు, మళ్లీ వెనక్కి తోస్తాడు. కాళ్ల కింద తొక్కుడు చెక్కలు, పావుకోళ్లు, పైకీ కిందికీ. ఒక పోటు తప్పదు, ఒక పోటు ఎక్కువ కాదు. నాడెలోని నూలు కండె అయిపోతే ఆగుతాడు, కొత్తది పెట్టుకుంటాడు, ముడేసి మళ్లీ మొదలు. మధ్యాహ్నం అన్నానికి పైకి లేచేసరికి వాచీలో ఆరు వేల చిల్లర అడుగులున్నాయి. గుంటలోంచి కదలని మనిషిని అది భద్రకాళి చెరువు గట్టంతా తిప్పి తెచ్చింది. చిన్నాయన అంకె చూసి ఏం ఆశ్చర్యపోలేదు. "కాళ్లు ఆడుతనే ఉన్నయ్ గద. లెక్క తప్పెట్లయితది?" అన్నాడు.

ఎందుకిట్లా అంటే, ఈ వాచీకి మన కాళ్లు కనబడవు. లోపల ఒక చిన్న చిప్ ఉంటుంది, అది చేయి ఎటు ఎంత వేగంగా కదిలిందో మూడు దిక్కుల్లో కొలుస్తుంది. చేయి ఒకే తాళంలో ముందుకీ వెనక్కీ పోతే, నడుస్తున్నారని అనుకుంటుంది. మగ్గం తాళం నడక తాళానికి దగ్గర పడింది, అంతే.

మా ఇంటికొచ్చి ఈ మాట చెప్తే మా ఆయన ఎగిరి గంతేశాడు. "వాచీ అక్కడే పెట్టొస్తే సరిపోను గద, నెలంతా పదివేలు!" వాళ్ల ఆఫీసులో ఒకాయన మనవరాలి ఉయ్యాలకు కట్టి లెక్క పూర్తి చేస్తాడట. నవ్వుకున్నాం. తర్వాత మాత్రం నాకు అది అంత నవ్వులాటగా తోచలేదు. మా చిన్నాయన నేత నేస్తే, దాన్ని నడక అని చెప్పి తగ్గింపు మేం తీసుకోవచ్చు. ఆయన తీసుకోలేడు, ఎందుకంటే ఆయనకు ఆ పాలసీయే లేదు. అరవై దాటిన మనిషికి, బీపీ ఉన్న మనిషికి వాళ్లు చెప్పే ప్రీమియం ఎంతో నేను అడిగి చూశాను. ఒక జంపఖానాకు వచ్చే కూలీ తెలిసినవాళ్లెవరూ ఆ రెండు అంకెలనూ ఒక కాయితం మీద రాయరు. ఆయనకున్నది ఆరోగ్యశ్రీ. 2023 డిసెంబర్ నుంచి దాని పరిమితి పది లక్షలు. అది పెద్ద అండే, కాదనను. కానీ అందులో మీరెంత నడిచారని ఎవరూ అడగరు, నడిచినందుకు ఎవరూ ఏమీ ఇవ్వరు.

తర్వాత మా వీధి ఊడ్చే అక్క. పొద్దున్నే ఆమె వచ్చేసరికి నేను బండ్‌కు బయల్దేరుతుంటాను. ఒకరోజు అడిగి ఆమె చేతికి కట్టాను, పని అయ్యాక ఇచ్చిపొమ్మని. పొడుగు చీపురుతో ఊడ్చినంతసేపు అంకె పెరిగింది, అది కొంత నడక, కొంత చీపురు. కానీ చెత్త ఎత్తి బండిలో వేశాక రెండు చేతులూ బండి కడ్డీ మీద ఉంటాయి. చేతులు ఊగవు. మా సందు చివర నుంచి చెత్త పోసే జాగా దాకా, మళ్లీ ఖాళీ బండితో వెనక్కి, వాచీ లెక్కన ఆమె అసలు కదలలేదు. బరువు లేనప్పుడు వేసిన అడుగులు లెక్కకొచ్చాయి, బరువు తోస్తూ వేసినవి రాలేదు. నెత్తి మీద గంప పెట్టుకుని ఒక చేత్తో పట్టుకున్నా, చంకలో పిల్లను ఎత్తుకున్నా ఇదే కథ. మాల్‌లో ట్రాలీ తోసేవాళ్లకూ ఇంతే. కాకపోతే వాళ్లు పావుగంట తోస్తారు.

ఇది యంత్రానికి చేతగాని పని అని ఎవరైనా అంటే నమ్మకండి. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు చక్రాన్ని ఎన్నిసార్లు తోశారో లెక్కపెట్టే ఏర్పాటు 2016 నుంచే ఆపిల్ వాచీలో ఉంది. అంటే తోసే చేయిని లెక్కలోకి తీసుకోవాలని కూర్చుంటే తీసుకోవచ్చు. చెత్త బండి తోసేవాళ్లు వాళ్ల గిరాకీలు కారు, అందుకని ఎవరూ కూర్చోలేదు.

నిద్ర సంగతి ఇంకా బాగుంది. నాకు వాచీ రోజూ నిద్ర మార్కులిస్తుంది, తక్కువైతే "త్వరగా పడుకోండి" అని సలహా. మూడున్నరకు లేచి, ఇంటి పని చేసుకుని, నాలుగున్నరకల్లా రోడ్డు మీద ఉండాల్సిన మనిషికి ఇదే సలహా చెప్తే ఏమంటుందో అని ఆ అక్కతో అన్నాను. "పండుకోమని చెప్పుడు కాదు మేడం, మా జవాన్‌కు చెప్పమను, జర లేటుగ రమ్మనుమని" అంది. జవాన్ అంటే వాళ్ల పని చూసే మున్సిపాలిటీ మనిషి. వాచీ నచ్చితే నీకొకటి కొనిపెడతానన్నాను. వద్దంది. పొద్దున జవాన్ ఫోన్ ముందు ముఖం పెడితేనే వాళ్లకు హాజరు. "మమ్మల్ని చూసేటిది ఒకటున్నది సాల్దా?"

ఆమె తమాషాకు అన్నా, చండీగఢ్‌లో ఇది తమాషా కాదు. అక్కడ 2020లో పారిశుధ్య కార్మికుల చేతులకు జీపీఎస్ వాచీలు కట్టారు, మమ్మల్ని బానిసల్లా చూస్తున్నారని వాళ్లు రోడ్డెక్కారు. నాగ్‌పూర్‌లోనూ కట్టారు. చూడ్డానికి నా వాచీలాంటిదే. ఇంజినీర్ సార్ చేతికుంటే అంకె ఆయన చూసుకుంటాడు. వాళ్ల చేతికుంటే ఆఫీసులో కూర్చున్నాయన చూస్తాడు, తక్కువైతే జీతంలో కోత. ఉపాధి హామీ పనికి పోయే మా చుట్టాలదీ ఇదే బాధ. 2023 జనవరి 1 నుంచి పని కాడ రోజుకు రెండుసార్లు ఫొటో ఎక్కాలి. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే, తవ్విన గుంత కళ్లముందే ఉన్నా ఆ రోజు హాజరు గల్లంతు. మా టీచర్లకు 2025 ఆగస్టు నుంచి ముఖం చూపించే హాజరు వచ్చింది. అప్పుడు మా స్టాఫ్‌రూంలో వ్యక్తిగత గోప్యత గురించి వినని మాట లేదు. నేనూ మాట్లాడాను. అంతకు రెండేళ్ల ముందు నుంచే తట్టలు మోసేవాళ్ల ముఖాలు ఫోన్లలోకి ఎక్కుతుంటే మాలో ఎవరికీ ఆ మాట గుర్తురాలేదు.

గోప్యత అంటే నా వాచీ కూడా తక్కువది కాదు. యాప్ వేసుకునేటప్పుడు కాంటాక్టులు, లొకేషన్, మైకు, అన్నీ అడిగింది. అడుగుల లెక్కకు మైకెందుకో? "వద్దు" అని నొక్కినా అడుగులు లెక్కపెడుతూనే ఉంది, కాబట్టి మీరూ వద్దనే నొక్కండి. నా గుండె చప్పుడు, నిద్ర, నెలసరి తేదీలు అందులోకి పోతాయి. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది గానీ, ఒప్పుకుంటున్నాను అనే గడి మీద టిక్కు పెట్టేది మనమే. ఈ రోజు నడిచినవాళ్లకు తగ్గింపు. ఆ తగ్గించిన పైసలు కంపెనీ తన జేబులోంచి ఎన్నాళ్లు పెడుతుంది? నడవనివాళ్ల, నడిచినా లెక్కకు రానివాళ్ల ప్రీమియంలోంచే వస్తుందని నా అనుమానం. లెక్కల టీచర్‌ను అడిగితే ఆయనా అదే అన్నాడు.

మా పెద్దమ్మది జగిత్యాల దిక్కు. పొద్దంతా బీడీలు చేసిన చేయి. ఆమెకు వాచీ పెట్టడం వేరే కారణానికి, గుండె దడ అంటుంటే చూద్దామని. మణికట్టు లోపలా బయటా నల్లగా పచ్చబొట్లు. వాచీ అడుగున ఆకుపచ్చ లైటు ఒకటి మిణుకు మిణుకుమంటుంది. అది చర్మం కింద నెత్తురు పారడాన్ని పట్టి నాడి చెప్తుంది. పచ్చబొట్టు సిరా ఆ వెలుతురును మింగేస్తుంది. ఎన్నిసార్లు నొక్కినా తెర మీద రెండు గీతలే. మోచేతి దిక్కు జరిపి, బొట్లు లేని జాగా చూసి బిగిస్తే అప్పుడు అంకె వచ్చింది, అదీ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. ఖరీదు వాచీలకూ ఈ ఇబ్బంది ఉంది, ఆపిల్ వాళ్లే తమ సూచనల్లో రాసుకున్నారు. పెద్దమ్మ మాత్రం దాన్ని తిప్పి తిప్పి చూసి, "సర్దార్ లెక్క నయ్యం గద" అంది. బీడీ కట్టలు లెక్కపెట్టి, బాగలేవని కొన్ని తీసి పక్కన పడేసి, వాటికి పైసలు ఇవ్వకుండా పోయే సర్దార్ లెక్క కంటే కూడా ఇది అధ్వానమని ఆమె తీర్పు. గుండె దడకు డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాం. దానికి వాచీని నమ్ముకోకండి. బీపీ చెప్తుందని డబ్బా మీద రాసి ఉన్నా, చేతికి పట్టీ కట్టి గాలి కొట్టే మిషన్‌తో పోల్చి చూస్తే నాకు ఏ రోజూ కలవలేదు.

కొనాలా అంటే, పొద్దున నడిచే అలవాటుండి, టైం, ఫోన్, అడుగులు చాలనుకునేవాళ్లకు ఈ ధరలో తప్పు లేదు. పాలసీ తగ్గింపు కోసమే అయితే ముందు మీ పాలసీ యాప్‌కు ఈ వాచీ తగులుతుందో లేదో అడిగి తీసుకోండి. నాది నేరుగా తగల్లేదు, మధ్యలో గూగుల్ వాళ్ల యాప్ ఒకటి పెట్టాల్సి వచ్చింది. పట్టీ తెగితే కంపెనీది ఆర్డర్ పెట్టకండి, చౌరస్తాలో ఫోన్ కవర్లు అమ్మే బండ్ల మీద వందకు దొరుకుతుంది, వెడల్పు ఒక్కటి కొలుచుకుని పోండి. వారంటీ ఏడాది అంటారు గానీ బిల్లు ఇవ్వరు, డబ్బా మీద తేదీ రాసి సంతకం పెడతారు. సర్వీస్ సెంటర్లో ఆ సంతకం చెల్లదు. కంప్యూటర్ బిల్లు అడిగి తీసుకోండి.